తడవని వానకోటు

మదనపల్లె నుంచి కుప్పం దాకా నడవాలని, నెలంతా వెతికి, అరచేతిలో ఇమిడే చవక వానకోటు కొన్నాను. బరువులో గ్రాముల తేడా మీద స్నేహితులతో పోట్లాడాను కూడా.

పుంగనూరు ఇంకా దూరముండగా వేరుశనగ చేను పక్కన తొలి చినుకులు పడ్డాయి. గర్వంగా కోటు తీశాను. గట్టు మీద కొంగైనా కప్పుకోకుండా తడుస్తున్న రైతమ్మ అరిచింది.

"అది లోపల పెట్టప్పా! ఇన్నాళ్లకు వస్తాండాది వాన. మనం మొకం దాసుకుంటే అలిగి ఎనక్కి పోతాది."

"జలుబు చేస్తుందమ్మా."

"జలుబుకు మాత్ర ఉండాది. ఎండిన చేనికి యాడుండాది?"

చేసేదిలేక, కోటు తడుస్తుందేమోనని ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచిలో పెట్టాను.

పుంగనూరు టీ అంగట్లో బట్టలు పిండుకుంటూ ఫోన్లో కోటుకు ఐదు స్టార్లిచ్చాను. "కుండపోతలోనూ చుక్క తడవలేదు" అని రాశాను.