మామ కారు మీద నా సైకిలు

మా మామకు ఒక చిన్న మోరిస్ కారు ఉండేది. నీలగిరి తోటల్లో పనిచేసిన ఒక దొర తన దేశానికి వెళ్ళిపోతూ అమ్మిన బండి. గుండ్రటి వీపుతో, లేత ఆకుపచ్చ రంగులో, తాబేలులా ఉండేది. నాలుగు చినుకులు పడితే మామ తన పైపంచె తీసి దాన్ని తుడిచేవాడు. ఆ పంచెతో మేనకోడళ్ళ ముక్కులు తుడవడం మాత్రం నేనెన్నడూ చూడలేదు.

ఆ కారులో నేను పాండూరు నుంచి తిరుత్తణికి పోవాలి. తిరుత్తణి దాటాక ఒక పల్లెబడిలో నాకు టీచరుగా ఉద్యోగం వచ్చింది. ఉండడం తిరుత్తణిలో, మామ ఇంట్లో. అక్కడి నుంచి ఆ పల్లెకు పొద్దున ఒకే బస్సు, అది చేరేసరికి బడిలో ప్రార్థన అయిపోయి హాజరు పిలుస్తుంటారు. అందుకని నాకు నా సైకిలు కావాలి. ట్రైనింగు చదివిన రోజుల్లో తిరువళ్ళూరుకు దాని మీదే పోయి వచ్చేదాన్ని. ఎదురుగాలిలో తొక్కుతూ, ముందురోజు చదివిన కథలోని మాటలు నాలో నేనే చెప్పుకుంటూ పోయేదాన్ని. ఇంట్లో నేను అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

నన్ను తీసుకుపోవడానికి మామా, అత్తా ముందురోజే వచ్చారు. మర్నాడు ఆడికృత్తిక, కొండమీది స్వామికి పెద్ద పండుగ. తిరుత్తణి కొండకు మొక్కు కావళ్ళు మోసుకుపోయే జనంతో బస్సులు, రైళ్ళు కిక్కిరిసి ఉంటాయి. సైకిలును ఎవరూ ఎక్కించుకోరు. కారొక్కటే దారి.

"సైకిలా? యాడ పెడ్తావే? నా నెత్తినా?" అన్నాడు మామ.

"దానికి సైకిలు ఎందుకు? బావ ఉండాడు గదా స్కూటరుతో. పొద్దున దించి, సాయంత్రం తెస్తాడు" అంది అత్త, మా అమ్మను చూసి నవ్వుతూ.

బావ మంచివాడే. కానీ అతని స్కూటరు బయల్దేరిన రోజే నాకు ఉద్యోగం, బయల్దేరని రోజు సెలవు. పైగా నాలుగు రోజులు అతని వెనక కూర్చుంటే చాలు, ఊరే మాకు ముహూర్తం పెట్టేస్తుంది. అత్తకు కావలసిందీ అదే. నేను వద్దనుకున్నవి ఆ స్కూటరు, ఆ ముహూర్తం రెండూ.

"సైకిలు రాకపోతే నేనూ రాను" అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. నోట్లో నాలుక లేని పిల్లని మా చుట్టాల్లో నాకు పేరు.

"సరి, ఎట్ల పెడ్తావో పెట్టు. నా బండికి గీత పడిందంటే మాత్రం చూడు" అన్నాడు మామ. నావల్ల కాదని ఆయన ధీమా.

డిక్కీలో పెట్టి చూశాను. చక్రం కూడా పట్టలేదు. వెనక బంపరుకు నిలబెట్టి కట్టబోతే హ్యాండిల్ అద్దానికి తగిలింది, నంబరు పలక కనబడలేదు. చక్రాలు ఊడదీసి వెనక సీట్లో పడుకోబెడదామంటే, చైను నూనె తన పట్టుచీరకు అంటుతుందని అత్త కేక పెట్టింది. ఆ రోజుకు ఆమె కట్టుకున్నది నూలుచీరే.

ఇక మిగిలింది కారు పైకప్పు. సైకిలును తలకిందులు చేసి పెడితే సీటు, హ్యాండిల్ రెండు కొసలు, ఈ మూడే ఆనుతాయి. ఆ మూడింటి కింద మెత్తగా ఏదైనా ఉండాలి. నేను నిలబడి ఆలోచిస్తుంటే అమ్మ వంటింట్లోకి వెళ్ళి, కుండల కింది చుట్టకుదుళ్ళు మూడు లాక్కొచ్చింది. కుండ దొర్లకుండా పెట్టే ఆ గడ్డిచుట్టలు ఒక్కొక్క చోట ఒక్కొక్కటి సరిగ్గా కూర్చున్నాయి.

"నీళ్ళకుండలు దేనిమీద పెడ్తావే?" అన్నాడు మామ తన చెల్లెల్ని.

"గోడకు ఆనిస్తాలే అన్నా. ఒక్కరోజు ఒరిగి నిలబడితే అవేం చచ్చిపోవు" అంది అమ్మ.

కొబ్బరితాడు రంగును గీకేస్తుంది. అమ్మ తన పాత పసుపుచీర ఒకటి చింపి, పేలికలు తడిపి, పురి పెట్టి ఇచ్చింది. గడ్డిబండికి మోకు వేసినట్టు కారు చుట్టూ వేసి, కిటికీల్లోంచి దూర్చి, లోపల బిగించి కట్టాను. లాగి చూశాను, కదల్లేదు. గర్వంగా తలుపు తీయబోతే రాలేదు. నాలుగు తలుపులనూ కలిపి కట్టేశాను!

అత్త నవ్వి నవ్వి గడపలో కూలబడింది. "ఏమయ్యో, కిటికీలో దూరిపోండి. పంచె జాగ్రత్త!"

గడ్డిబండికి తలుపులుండవన్న సంగతి నాకు తట్టలేదు. ఏడుపు వచ్చింది కానీ, ముడులు విప్పాను. తలుపులు బార్లా తెరిచి, పేలికను కిటికీలోంచి కాక తలుపు పైనున్న సందులోంచి దూర్చి కట్టి, తర్వాత తలుపులు మూశాను. గుడ్డ మెత్తనిది కాబట్టి మూసుకున్నాయి. మామ చుట్టూ తిరిగి చూశాడు, గీత కనబడలేదు. అది ఆయనకు ఇంకా బాధగా ఉన్నట్టుంది.

కృత్తిక పొద్దున బయల్దేరాం. ముందు మామ, అత్త. వెనక ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, నేను. పెట్టెలో చీరలకంటే పుస్తకాలే ఎక్కువని ఎవరికీ తెలియదు. రోడ్డు నిండా పసుపుబట్టలు కట్టుకుని, భుజాన విల్లులా వంగిన కావళ్ళతో నడిచేవాళ్ళు. మమ్మల్ని దాటిపోయే లారీ కుర్రాళ్ళు ఈల వేశారు. "సార్, బండి రిపేరయితే పైదాన్ని తొక్కుతారా?" అని ఒకడు తమిళంలో అరిచాడు. మామ మెడ ఎర్రబడింది.

దారిలో కనకమ్మ సత్రం అనే ఊళ్ళో ఆయన తనకు తెలిసిన ఎరువుల అంగడి ముందు ఆపాడు.

"ఇంక చాలు. నా మానం పోతాంది. సైకిలు ఈడ పెట్టిపోదాం. వచ్చే వారం నేనే తెచ్చిస్తా."

"వారం" అంటే మామ నోట ఏమిటో మాకు తెలుసు. బాగుచేయించి తెస్తానని మా అమ్మ కుట్టుమిషను తీసుకుపోయి అప్పటికి చాలా ఏళ్ళయింది.

నేను కారు దిగాను. చుట్టూ అంతా కొత్త మనుషులు. "సరే మామా, దించుదాం. దించినాక నేను దాని మీదనే వస్తా. మీరు ముందు పోండి" అన్నాను.

"పిచ్చి పట్టిందా? తిరుత్తణి దాకానా?"

"తిరుత్తణి దాకా."

అప్పుడే ఎదురింటి ముసలమ్మ ఒకామె బిందెతో పసుపునీళ్ళు తెచ్చి, కారు ముందుచక్రాల మీద భక్తిగా పోసింది. "అరోహరా!" అని స్వామికి జే కొట్టింది. నడిచిపోయేవాళ్ళూ అందుకున్నారు. అప్పుడు నేను కారు పైకి చూశాను. ఆకాశంలోకి లేచిన రెండు చక్రాలు, చుట్టూ పసుపుపేలికలు, చూడ్డానికి అచ్చం కావడే. కావడి మోసేవాళ్ళ కాళ్ళకు నీళ్ళు పోయడం మా వైపు వాడుక. ఆమె మా కారు కాళ్ళు కడిగింది.

మామ గబుక్కున చేతులు జోడించాడు. "గమ్మునుండు" అన్నాడు నాతో, పెదవులు కదల్చకుండా.

నేను ఉండలేదు. నా సైకిలు ఇంకో దాని పేరు చెప్పుకుని తిరుత్తణిలోకి పోవడం నాకు నచ్చలేదు. "అవ్వా, అది కావడి కాదు. నా సైకిలు. నేను బడికి పోయేదానికి" అని తమిళంలో చెప్పాను.

ముసలమ్మ పైకి చూసింది, నన్ను చూసింది, బిందె అడుగున మిగిలిన నీళ్ళు చూసుకుంది. "ముందే చెప్పకూడదా? కావడి కాళ్ళకు పోసే నీళ్ళు కారు చక్రాలకు పోస్తినే" అని గొణిగి, ఆ మిగిలినవి కూడా అక్కడే గుమ్మరించి పోయింది. జనం నవ్వారు. నేను బంపరెక్కి మొదటి ముడి విప్పసాగాను.

మామ ఆ నవ్వే జనాన్నీ, ముందున్న రోడ్డునూ చూశాడు. కారు మీద సైకిలు ఒక అవమానం. కారు వెనక మేనకోడలు సైకిలు తొక్కుకుంటూ రావడం ఇంకా పెద్దది.

"కట్టు. కట్టి ఎక్కు" అన్నాడు.

మళ్ళీ బిగించాను.

తిరుత్తణి ఊరి మొదట్లోనే కానిస్టేబులు కర్ర అడ్డం పెట్టాడు. కృత్తిక జనం, బండ్లు పోకూడదు. "నేను ఈ ఊరివాణ్ణి" అన్నాడు మామ. "అందరూ అదే చెప్తా ఉండారు" అని తెలుగులోనే బదులొచ్చింది. కారును ఒక రైసుమిల్లు ఆవరణలో పెట్టాం.

మామ ట్రంకుపెట్టెను ఎత్తబోయి, దించేసి, నడుం పట్టుకున్నాడు. లోపలున్న పుస్తకాల సంగతి ఇప్పుడు చెప్పవలసిన పని లేదనుకున్నాను. పేలికలు విప్పి సైకిలు దించాను. పెట్టెను క్యారియరు మీద పెట్టి, అవే పేలికలతో కట్టాను. పరుపుచుట్టను అత్త సీటు మీద ఆనించి పట్టుకుంది. జనంలోంచి నేను హ్యాండిల్ పట్టి తోస్తుంటే, మామ వెనక పెట్టె ఒరగకుండా చేతులు అడ్డం పెట్టి నడిచాడు.

"మెల్లగా పోవే" అన్నాడు ఒకసారి. నేను మెల్లగానే పోయాను. కానీ హ్యాండిల్ ఎవరికీ ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున బావ స్కూటరును తళతళలాడేట్టు తుడిచి వాకిట్లో పెట్టుకున్నాడు. నేను చీర కొంగు నడుముకు దోపి, సంచీ హ్యాండిల్‌కు తగిలించి, సైకిలు వీధిలోకి దించాను.

"ఉండమ్మే, బావ వస్తాండాడు!" అని అత్త లోపల్నుంచి కేకేసింది.

"రానీ అత్తా. నేను ముందు పోతాండా" అని తొక్కాను.