కోట బయట బండి కాపలా

మా మామగారు ముప్పై ఏళ్ళు టూరిస్టు బస్సు నడిపారు. విజయవాడలో జనాన్ని ఎక్కించుకుని ఒక ట్రిప్పులో కాశీ, గయ, ఇంకో ట్రిప్పులో జైపూర్, జోధ్‌పూర్, జైసల్మేర్ తిప్పి క్షేమంగా వెనక్కి తెచ్చేవారు. ఆయన్ని కట్టుకున్న మా అత్తగారికి మాత్రం బండెక్కిన పావుగంటకే కడుపులో తిప్పుతుంది. అందుకే ఆ వేసవిలో ఇద్దరూ హెర్న్‌డన్‌లో మా ఇంటికి వచ్చినా, న్యూ మెక్సికో ప్రయాణానికి మామగారొక్కరే మాతో బయల్దేరారు. "పక్కింట్లో మనవాళ్ళే ఉన్నారుగా, నాకేం భయం! మీరెళ్ళి రండి" అని అత్తగారు పులిహోర డబ్బాలో సర్ది ఇచ్చి పంపారు.

ఆ ప్రయాణం ఆలోచన నా భార్యది. "నయాగరా, న్యూయార్క్ అందరూ చూపిస్తారు. నాన్నకి ఎడారి, కోటలు అంటే ప్రాణం. చిన్నప్పుడు ఎప్పుడూ రాజస్థాన్ కబుర్లే. మనం కొంచెం డిఫరెంట్‌గా ప్లాన్ చేద్దాం" అంది. ఆల్బుకర్కీ దాకా ఫ్లైట్, అక్కడి నుంచి రెంటల్ కారు.

మొదట శాంటా ఫే వెళ్ళాం. ఊరంతా మట్టి రంగు. గోడల మూలలు కూడా చేత్తో నిమిరినట్టు గుండ్రంగా ఉన్నాయి. పూర్వం స్పెయిన్ గవర్నర్లు ఉన్న ప్యాలెస్ ఊరి నడిమధ్య ఉంది. చూస్తే పొడుగాటి మట్టి ఇల్లు, ముందు వసారా. వసారాలో గోడవారగా గుడ్డలు పరుచుకుని ఆడవాళ్ళూ మగవాళ్ళూ వెండి, నీలిరాళ్ళ నగలు అమ్ముతున్నారు.

"ఇది ప్యాలెసా?" అంది నా భార్య.

"బోర్డు మీద అలాగే ఉంది మరి" అన్నాను.

మామగారు మాతో రాలేదు. రెండు వీధుల అవతల కారు ఆపగానే "మీరు చూసి రండి, నేను బండి కాడ ఉంటా" అన్నారు. మోకాళ్ళ నొప్పులేమోనని మేం బలవంతపెట్టలేదు. తిరిగి వచ్చేసరికి కారు అద్దాలన్నీ తన తువ్వాలుతో తళతళలాడేలా తుడిచి, పక్కన ఆగిన బస్సు డ్రైవరుతో మాట్లాడుతున్నారు. ఆయనకు ఇంగ్లీషు రాదు, అతనికి తెలుగు రాదు. అయినా ఇద్దరూ బస్సు టైరు దగ్గర వంగి, చేతులు తిప్పుకుంటూ ఏదో గట్టి విషయమే చర్చించుకుంటున్నారు.

ఆ సాయంత్రం ఒక పాత చర్చి దగ్గరా అదే మాట: "నేను బండి కాడ ఉంటా." మర్నాడు పొద్దున కొండ పక్కన ఒక శిథిల గ్రామం దగ్గరా అదే. అప్పటికి నా భార్యకు ఓపిక అయిపోయింది. కారు ఎక్కగానే వెనక్కి తిరిగి నిలదీసింది.

"నీకోసం కదా నాన్నా, ఇద్దరం లీవ్ పెట్టి ఇంత దూరం వచ్చింది! రాజస్థాన్ కోటల గురించి గంటలు గంటలు చెప్తావు. ఇవి మాత్రం నీ కంటికి ఆనట్లేదా?"

ఆయన తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు: "అయ్యి మాత్రం ఎక్కడ చూశానమ్మా?"

మాకు అర్థం కాలేదు.

"రాత్రంతా బండి తోలతాం. పొద్దున పాసింజర్లు కోట చూడ్డానికి పోతే ఆ కాసేపే మాకు నిద్ర. అందరి సామాన్లూ బస్సులోనే ఉంటాయాయె. తిరిగొచ్చినాక వాళ్ళు చెప్పుకునేది వింటా. లోపల అద్దాల గదంట, ఏనుగు దంతం తలుపులంట. నీకు చెప్పినయ్యన్నీ అయ్యే."

"ఒక్కసారి కూడా వెళ్ళలేదా?" అన్నాను నేను.

"ఒకసారి పోయా బాబూ. జోధ్‌పూర్‌లో. ఎట్టుంటదో చూద్దామని బస్సుకు తాళమేసి సగం దూరం ఎక్కా. ఇంతలో ఎండకు తట్టుకోలేక ఒక ముసలామె ముందే దిగొచ్చింది. బస్సు తాళం. నీడ లేదు. నేనొచ్చేసరికి చక్రం పక్కన పడిపోయుంది. నీళ్ళు చల్లితే లేచిందనుకో. ఒక్క మాట అనలా నన్ను. అయినా ఇంక మళ్ళీ బండి ఒదిలి పోలా నేను."

నా భార్య ముందుకు తిరిగి కూర్చుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నేను కారు స్టార్ట్ చేశాను.

మధ్యాహ్నానికి చాకో అనే చోటికి చేరాలి. వెయ్యేళ్ళ కిందట అక్కడి మూలవాసులు ఎడారి మధ్యన కట్టిన పెద్ద రాతి భవనాలు ఉన్న లోయ అది. చివర్లో తారు రోడ్డు అయిపోయి మట్టి రోడ్డు వచ్చింది. రేకుల కప్పులాగా అలలు అలలుగా ఉంది. కారు దడదడలాడిపోతుంటే నేను స్టీరింగ్‌ని పీక నొక్కినట్టు పట్టుకున్నాను.

"అంత బిగించమాకండి అల్లుడుగారూ, ఒదులుగా పట్టుకోండి. బండికి దారి తెలుసు" అన్నారు వెనకనుంచి. "ముందర ఇసక. బ్రేకు కొట్టమాకండి. అట్టా పోనీయండి, పోనీయండి... అద్దీ!"

ఆ మైళ్ళన్నీ ఆయన గొంతు పట్టుకునే నడిపాను.

పెద్ద భవనం ముందున్న పార్కింగ్‌లో మా కారు కాక ఇంకొక్కటే ఉంది. నేను ఇంజిన్ ఆపాను. మామగారు నోరు తెరవకముందే నేనే అన్నాను:

"మామయ్యగారూ, బండి కాడ నేనుంటా. ఈ పూట డ్రైవర్ని నేను. మీరు పాసింజరు."

"భలేవారే! అల్లుణ్ణి ఎండలో కూర్చోబెట్టి నేను తిరిగితే ఏం బాగుంటది?"

"డ్రైవరు మాట వినాలి. గంటన్నర టైము. మూడింటికల్లా అందరూ బండెక్కాలి. లేటయితే ఊరుకునేది లేదు."

ముప్పై ఏళ్ళు తను చెప్పిన మాటలే కాబోలు, ఆయన పగలబడి నవ్వారు. తువ్వాలు తలకు చుట్టుకున్నారు. కూతురు చెయ్యి పట్టుకుని దిగారు. కొంత దూరం నడిచాక ఒకసారి వెనక్కి తిరిగి కారు వంక చూశారు. నేను చెయ్యి ఊపాను.

ఫోనుకి సిగ్నల్ లేదు. సీటు వాల్చి పడుకుందామంటే, వాళ్ళు వచ్చేస్తారేమోనన్న ఆలోచనతో నిద్ర పట్టలేదు. కారు నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ నిలబడ్డాను. గాలికి ఇసక పళ్ళ కిందికి వచ్చింది. ఒక నల్లటి కాకి, మన కాకికి రెండింతలుంటుంది, చెత్తడబ్బా మీద కూర్చుని నన్నే చూసింది. గోడలు అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉన్నట్టు కనపడుతున్నాయి. వెళ్ళి తొంగి చూడొచ్చు. కానీ నేను అటు వెళ్ళినప్పుడే వాళ్ళు ఇటు వస్తే? తాళం చెవి నా జేబులో ఉంది. ఇలా ముప్పై ఏళ్ళు ఎలా గడిపారో ఈయన, అనుకున్నాను.

మూడైంది. మూడున్నర అయింది. ఎండ దెబ్బ తగిలిందేమో, కాలు జారిందేమోనని నాకు కంగారు పుట్టింది. నీళ్ళ సీసా పట్టుకుని ఇరవై అడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చాను. నాలుగు కావస్తుండగా వచ్చారు. మామగారు ముందు, నా భార్య వెనక. ఆయన చొక్కా భుజాల మీద ఎర్రటి దుమ్ము.

"ఆలీసమైంది, ఏమనుకోమాకండి" అని, ఊపిరైనా తీసుకోకుండా నా మణికట్టు పట్టుకున్నారు. "మీరు రండి. మీరు చూడాలి. నేను చూపిస్తా."

"నేను ఉంటాలే బండి దగ్గర. వెళ్ళు, లేకపోతే నిన్ను వదిలిపెట్టడు" అంది నా భార్య, నా జేబులోంచి తాళం చెవి తీసుకుంటూ.

ఆయన వేగాన్ని నేను అందుకోలేకపోయాను. సన్నటి రాతి పలకలు పేర్చి కట్టిన గోడలు. మధ్యలో భూమిలోకి తవ్విన గుండ్రటి గదులు. కూతురు అక్కడి గైడు పుస్తకంలోంచి చదివి వినిపించిన సంగతులకు తన సొంతవి కలిపి, ప్రతి మలుపు దగ్గరా ఆగి చెప్పారు. ఒక గోడ దగ్గర నా తల పైకెత్తించారు. రాళ్ళ మధ్యనుంచి దూలాల మొదళ్ళు బయటికి వచ్చి ఉన్నాయి.

"చుట్టూ చూడండి. దూలానికి పనికొచ్చే చెట్టుందా ఒక్కటన్నా? యాడో కొండల్లో కొట్టుకొచ్చారంట. ఎడ్లు లేవు, బండ్లు లేవు, చక్రమనేదే లేదంట బాబూ వీళ్ళకి! అంత లోడు భుజాల మీద ఎత్తుకుని, ఈ ఇసకలో నడిచొచ్చారు." ఆయన తల అడ్డంగా ఊపారు. "మనం తోలామనుకుంటాం గానీ."

తర్వాత ఒక పొట్టి గుమ్మం. దానిలోంచి చూస్తే దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి, ఒకే గీత మీద. మామగారు ఆగి, తువ్వాలు తీసి జుట్టు సర్దుకున్నారు. "నాదొక ఫోటో తియ్యండి. నేనొక్కణ్ణే" అన్నారు. గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ రెండు పక్కల రాళ్ళ మీద ఆనించి, పెళ్ళిఫోటోలోలాగా బిగుసుకుపోయారు. తీశాను.

"ఇంకా లోపల శానా గదులున్నాయి. తల జాగర్త" అంటూ ఆయన వంగి అవతలి గదిలోకి వెళ్ళారు. నేనూ వంగి ఆయన వెనకే వెళ్ళాను.