గని టోపీలో మునుగుడు కోడి

ముందే ఒట్టేస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా, రేపు గనిలో నా టోపీ దీపం ఆరిపోవాలి. శ్రీరాంపూర్‌లో నా మాటను సగానికి కోసి వినడం అందరికీ అలవాటు. దీన్ని మాత్రం కోయకుండా వినండి.

రాత్రంతా వాన. తెల్లారి షిఫ్టు దిగి వస్తుంటే బొగ్గు లారీల రోడ్డు నల్లగా తళతళలాడుతోంది. మా క్వార్టర్ల మలుపులో గుప్పెడంత పక్షి ఒకటి బోర్లా పడి ఉంది. లేస్తుంది, అడుగు వేయబోయి ముక్కు మీద పడుతుంది. మునుగుడు కోడి. పైనుంచి ఆ మెరుపు చూసి చెరువనుకుని దిగినట్టుంది. టోపీలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

"అయ్యో, కాళ్లిరిగినయి! పసుపు వెట్టి పుల్లలు కడ్త," అంది మా ఆవిడ.

పక్కింటాయనకు కోళ్ల దుకాణం. మా గల్లీలో రెక్కలున్న వాటి మీద తీర్పులన్నీ ఆయనవే. వచ్చి పట్టి చూశాడు. "గిది బతకది భాయ్. ఎందుకు పరేషాన్ జేస్తవ్? నాకియ్యి, ఒక్క దెబ్బకు దాని ఫికర్ తీరుస్త."

నేను ఇవ్వలేదు. వేళ్లతో తడిమి చూశాను. ఎముక ఎక్కడా విరగలేదు. కాకపోతే కోడికి పొట్ట కింద ఉండే కాళ్లు దీనికి దాదాపు తోక దగ్గర మొలిచాయి. బాతుకున్నట్టు వేళ్ల మధ్య తోలు లేదు. ఒక్కో వేలికి ఒక్కో ఆకు అంటించినట్టుంది.

"ఇరగలే. ఇది నడిచేటందుకు పుట్టలే," అన్నాను.

"నీ లెక్కనా? నువ్వు గూడ రోడ్డు మీద వంగి వంగే నడుస్తవ్ గద!" అని నవ్వాడు.

నిజమే. పైకప్పు తక్కువున్న గనిలో ఏళ్లకేళ్లు వంగిన నడుము నాది. ఆ మాటతో నాకు పంతం పట్టుకుంది.

బట్టలు నానబెట్టే టబ్బులో నీళ్లు పోసి వదిలాను. వెనక్కి తన్నినప్పుడు ఆ ఆకులు విచ్చుకున్నాయి, ముందుకు తెస్తే ముడుచుకున్నాయి. ఒక్క తన్నుకే పోయి టబ్బు గోడకు గుద్దుకుంది. మా ఆవిడ పుల్లలు పక్కన పడేసింది. కోళ్లాయన మాత్రం దిగిరాలేదు.

"ఈదితె అయిపాయెనా? ఎగరాలె గద?"

"గోదారి కాడికి నడు, చూపిస్త."

"ఎగరకుంటే?"

"ఎగరకుంటే నీదే."

ఆయన బండి మీదే పోయి, గోదావరి ఒడ్డున టోపీ వంచాను. పక్షి నీళ్ల మీద కూర్చుంది. కదల్లేదు.

"ఇగ తియ్యి భాయ్, దుకాణం తెర్వాలె," అన్నాడాయన, బండి మీంచి దిగకుండానే.

"తెరువకు. నేనైతె కదల," అని రాయి మీద చతికిలబడ్డాను.

అప్పుడు మునిగింది. ఎంతసేపటికీ తేలలేదు. "ముంచి సంపినవ్!" అంటూ ఆయనే బండి దిగి నీళ్ల దాకా ఉరికాడు. అంతలో నడి ఏట్లో తేలింది, ముక్కున మోచేయంత చేపతో. దాన్ని మింగి, నీళ్ల మీద టపటపా పరుగు తీసింది. పరుగు కాస్తా ఎగురుడైంది. అవతలి ఒడ్డు వైపు పోయింది.

"యా అల్లా!" అన్నాడు కోళ్లాయన. బండి తిప్పి, "కూసో," అన్నాడు.

రేపు నాకు దీపంతో పనుంది గనుక ఒప్పుకుంటున్నాను. చేప నా కల్పన. ముక్కు ఖాళీగానే ఉంది. అయితే దుకాణంలో ఆ కథ ఇప్పుడు కోళ్లాయనే చెబుతున్నాడు. ఆయన చెప్పేటప్పుడు చేప నా చేపకంటే జర పొడుగు.