మీనాక్షి ఒప్పుకోని మధ్యమం

సంహిత పరిశోధన ఆమిష్, మెనొనైట్ల చరిత్ర మీద. ఈ సంగతి నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడానికి వాళ్లమ్మ మీనాక్షి పిస్కాటవే తెలుగువాళ్ల మధ్య పద్నాలుగేళ్లుగా తంటాలు పడుతోంది.

"గుర్రబ్బండ్లలో తిరుగుతారు, ఇంట్లో కరెంటు పెట్టుకోరు, వాళ్లు ఆమిష్‌లు. మెనొనైట్లు వాళ్ల దాయాదులు. మూడొందల ఏళ్ల కిందట విడిపోయారు," అని మొదలుపెట్టేది ఏ పార్టీలోనో.

"ఆస్తి గొడవలా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు.

కాదు, భక్తి దగ్గర వచ్చిన గొడవ అని వివరించేలోగా అడిగినవాళ్లు గారెల వైపు వెళ్లిపోయేవారు.

సంహితకు ఆ దాయాదుల మధ్య చోటు దొరకడం కూడా మొదట్లో కష్టమే అయింది. పీహెచ్‌డీ మొదటి ఏడు పెన్సిల్వేనియాలో నలభై ఆమిష్ కుటుంబాలకు ఉత్తరాలు రాసింది. ఒక్క జవాబు వచ్చింది. "మాకు చెప్పుకోదగ్గ చరిత్ర ఏమీ లేదు. వానలు బాగా పడుతున్నాయి," అని. ఆ తర్వాత ఒకరోజు హార్డ్‌వేర్ షాపు ముందు కారు ఆపుకుని దిగులుగా కూర్చుంటే, నల్ల బోనెట్ టోపీ పెట్టుకున్న ముసలావిడ అద్దం మీద తట్టి, పళ్ల డాక్టర్ దగ్గర దింపుతావా అని అడిగింది. ఆమిష్‌లు కారు నడపరు గానీ ఎవరైనా నడిపితే ఎక్కుతారు. వెళ్లేటప్పుడు ఆవిడ అయిదు తరాల కథ చెప్పింది. వచ్చేటప్పుడు దవడ మొద్దుబారి ఉన్నా ఆరో తరం కూడా చెప్పింది. మరుసటి నెల సంహిత కారు అమ్మేసి పన్నెండు సీట్ల పాత వ్యాన్ కొనుక్కుంది. లైబ్రరీలో దొరకనిదంతా ఆ వెనక సీట్లలో దొరికింది. థీసిస్ పరీక్షలో ఒక ప్రొఫెసర్, మీ పరిశోధనా పద్ధతి ఏమిటి అని అడిగితే, "డ్రైవింగ్," అంది సంహిత.

ఇప్పుడామెకు నలభై. లాంకాస్టర్ దగ్గర మెనొనైట్లు నడిపే చిన్న కాలేజీలో పాఠాలు చెబుతుంది. పన్నెండేళ్లుగా ఒక పుస్తకం రాస్తోంది, ఆమిష్‌ల ఆరాధన పాటల గురించి. వాటికి స్వరాలు రాసిపెట్టిన పుస్తకం లేదు. మాటలు అచ్చులో ఉంటాయి, వరస మాత్రం చెవి నుంచి చెవికి వస్తుంది. ఎంత నిదానమంటే నాలుగు చరణాలకు ఇరవై నిమిషాలు. ఒకాయన ప్రతి పాదానికీ మొదటి అక్షరం ఎత్తుకుంటాడు, మిగతావాళ్లంతా అందుకుంటారు. రికార్డు చేయనివ్వరు. వినాలి, గుర్తుపెట్టుకోవాలి, తర్వాత రాసుకోవాలి. సంహిత రాసుకునేది సరిగమల్లో. చిన్నప్పుడు ప్రతి శనివారం ఏడుస్తూ వెళ్లిన సంగీతం క్లాసు ఇలా అక్కరకొచ్చిందని మాత్రం అమ్మకు ఇంతవరకు చెప్పలేదు.

పుస్తకంలో ఒక్క అధ్యాయం మిగిలింది. అది ఎనభై ఎనిమిదేళ్ల ఎఫ్రయిమ్ ఎష్‌ది. ఆరాధనలో రెండోదిగా పాడే పాట ఉంది. అందులో నాలుగో పాదం దగ్గర ఆయన గొంతు ఒక మలుపు తిరుగుతుందనీ, అది మరెవరికీ రాదనీ ఆమె చాలాచోట్ల విన్నది. ఆయన ఆ మంగళవారం ఇండియానాలో ఉన్న కూతురి దగ్గరికి శాశ్వతంగా వెళ్లిపోతున్నాడు. అందుకని అంతకుముందు ఆదివారం ఆయన్నే పాట ఎత్తుకోమన్నారు.

సంహిత ఆరాధన జరిగే ఇంట్లో ఆడవాళ్ల వైపు వెనక బెంచీ మీద కూర్చుని విన్నది. మలుపు పట్టుకుంది. ఆ తర్వాత మూడు గంటల ప్రసంగాలు. ఆ తర్వాత భోజనం. రొట్టె, వేరుశెనగ వెన్న, బీట్‌రూట్ ఊరగాయ. ఎవరు పలకరించినా "ఊఁ" అని తల ఊపింది తప్ప నోరు విప్పలేదు. విప్పితే పాట పోతుంది. ఆదివారం నాడు వాళ్ల వాకిట్లో కలం తీయడం మర్యాద కాదు గనక, రెండు మైళ్ల అవతలి గ్యాస్ స్టేషన్ దాకా గొంతెత్తి పాడుకుంటూ వెళ్లి, వ్యాన్ ఆపి, నోట్‌బుక్ తీసింది. మూడు పాదాలు రాసింది. నాలుగోది సగంలో ఉండగా ఫోన్ మోగింది. కట్ చేయబోయి పక్క బటన్ నొక్కింది.

"సంహితా, నా ఇడ్లీ రేకులు నీ దగ్గరే ఉన్నాయి కదూ?" మీనాక్షి గొంతు పన్నెండు సీట్ల నిండా పరుచుకుంది.

సంహిత సగం రాసిన పాదం వైపు చూసింది. "పోయింది," అంది.

"ఇడ్లీ రేకులా?"

"నాలుగో పాదం, అమ్మా."

జరిగిందంతా మీనాక్షి విన్నది. తర్వాత, "ఉన్నంతవరకు పాడు," అంది. సంహిత పాడింది. గాంధారం దాకా ఉంది. పంచమం నుంచి మళ్లీ ఉంది. మధ్యలో ఖాళీ.

"దానికి అంత ఏడుపేంటే? గా మీంచి నేరుగా పా. మోహన కదా, అందులో మధ్యమం ఉండదు."

"వాళ్లకి మోహన తెలీదమ్మా."

"నాకు తెలుసుగా. రాసుకో."

సంహిత రాసుకోలేదు. సోమవారం ఎఫ్రయిమ్ ఇంటికి వెళ్లి, ఆ ఒక్క పాదం ఇంకోసారి పాడమని అడిగింది. ఆయన గోడగడియారానికి దుప్పటి చుడుతున్నాడు.

"ఒక్కడినే పాడితే అది నా పాటైపోతుంది," అన్నాడు. "అది నాది కాదు."

ఆ సాయంత్రం మీనాక్షి పిస్కాటవే నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చింది. ఇడ్లీ రేకులు తీసుకెళ్లడానికే వచ్చానంది. కానీ మర్నాడు పొద్దున సంహిత ఎఫ్రయిమ్‌ను ఇండియానాలో దింపడానికి బయల్దేరుతుంటే, పులిహోర డబ్బాతో వ్యాన్ ఎక్కి కూర్చుంది. "నా ఫోన్ వల్లే కదా పోయింది. నేనూ వస్తాను."

ఎఫ్రయిమ్ ముందు సీట్లో కూర్చున్నాడు, గడియారం ఒళ్లో పెట్టుకుని. హారిస్‌బర్గ్ దాటారు. అప్పుడు వెనక సీట్లోంచి సన్నగా కూనిరాగం మొదలైంది. నాలుగో పాదం. గా మీంచి నేరుగా పా.

ఎఫ్రయిమ్ వేళ్లు గడియారం మీద కదిలాయి.

మీనాక్షి మళ్లీ పాడింది, ఈసారి కాస్త గట్టిగా. సంహిత అద్దంలో చూసింది. తల్లి ముఖంలో ఏ ఎత్తుగడా లేదు. మంచి రాగం మంచిగా పాడుతున్నానన్న తృప్తి, అంతే. మూడోసారి పాడేసరికి ఎఫ్రయిమ్ చెవులు ఎర్రబడ్డాయి.

"అది కాదు," అన్నాడు.

"కాదా? మరేదండీ?" అని మీనాక్షి ఇంగ్లీషులో అడిగింది.

ఆయన కిటికీలోంచి చూశాడు. మీనాక్షి ఆగి, పాపం పెద్దాయనకు సరిగా వినపడలేదేమోనని, నాలుగోసారి పూర్తి గొంతుతో పాడింది.

"ఒక్కడినే పాడను," అన్నాడు ఎఫ్రయిమ్ గబగబా. "నేను ఎత్తుకుంటాను. మీరు అందుకోండి. అప్పుడు ఫరవాలేదు."

"నాకు మాటలు రావే."

"మా మనవలకీ సరిగ్గా రావు. నోరు తెరవండి చాలు."

టర్న్‌పైక్ రహదారి మీద మొదటి టన్నెల్‌లోకి వెళ్తుండగా ఆయన ఎత్తుకున్నాడు. మీనాక్షి మాటల్లేకుండా "ఆ..." అంటూ అందుకుంది. గాంధారం మీద ఇద్దరూ నిలబడ్డారు. టన్నెల్ గోడలు కూడా నిలబడ్డట్టు అనిపించింది సంహితకి. మీనాక్షి పంచమానికి ఎగిరింది. ఆయన ఎగరలేదు. మధ్యమం మీదికి జారి, అక్కడ కాస్త ఊగి, గాంధారానికి తిరిగొచ్చి, మళ్లీ మధ్యమం తాకి, అప్పుడు గానీ పంచమానికి వెళ్లలేదు. అక్కడ ఒంటరిగా ఆగి ఉన్న మీనాక్షి ఆయనతో కలిసింది. ఎత్తుకున్న పాదం పూర్తయ్యేసరికి వ్యాన్ ఆ టన్నెల్ దాటి, దాన్ని ఆనుకుని ఉన్న రెండో టన్నెల్‌లో ఉంది.

సంహితకు స్టీరింగ్ వదిలి చప్పట్లు కొట్టాలనిపించింది. "అమ్మా, రాయి, రాయి."

"పాడుతూ ఎలా రాయనే?"

"అయితే మళ్లీ పాడదాం," అన్నాడు ఎఫ్రయిమ్. రాయడం గురించి వాళ్లు తెలుగులో ఏమనుకున్నారో ఆయనకు తెలియదు. పాదం ఒకసారితో ఆయనకు సరిపోలేదు.

మళ్లీ పాడారు. మూడోసారికి సంహిత కూడా కలిసింది, కాబట్టి మీనాక్షికి పాడటం ఆపి రాయడానికి వీలైంది. పులిహోర డబ్బా మీద నోట్‌బుక్ పెట్టుకుని రాసింది.

"మధ్యమం రాశాను. పక్కన ప్రశ్నార్థకం పెట్టాను."

"తీసెయ్యమ్మా."

"తీయను. పుస్తకంలో వేసుకో, మీనాక్షి ఒప్పుకోలేదని."

"వేస్తాను," అంది సంహిత. నవ్వుతో కళ్లు మసకబారి, బళ్లు ఆగే సర్వీస్ ప్లాజా మలుపు దాదాపు తప్పిపోబోయింది.

వ్యాన్ ఆపేసరికి నాలుగో పాదం మళ్లీ సగంలో ఉంది. సగంలో దిగకూడదని ఎవరూ చెప్పలేదు గానీ ముగ్గురూ దిగలేదు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. మీనాక్షి ఒక చేయి తలుపు మీద పెట్టుకుని పాడుతోంది. ఈసారి మధ్యమం దగ్గరికి ఆమే ముందు చేరింది, అక్కడ ఊగింది, వెనక్కి వచ్చింది, ఎఫ్రయిమ్ కంటే ముందే పాదం ముగించింది.

"బాగుంది," అన్నాడు ఎఫ్రయిమ్. "కొంచెం తొందరపడ్డారు."

"మొదటి టన్నెల్ దగ్గర్నుంచీ బాత్రూమ్‌కి ఆగి ఉన్నానండీ," అంటూ మీనాక్షి తలుపు తీసుకుని, పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.