వెర్లీన్ ఎంచుకున్న పిస్తోలు

వెర్లీన్ స్టిగాల్‌కి కత్తెరల గురించి తెలియనిది లేదు. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని మా కొండల మధ్య, ఇల్లు కదలలేని ముసలివాళ్ళ దగ్గరికి తనే కారేసుకుని వెళ్ళి, వాళ్ళ వంటింట్లోనే కుర్చీ వేయించి జుట్టు కత్తిరించి వస్తుంది. కొత్త కత్తెర కొనాలంటే అమ్మేవాడి ప్రాణం తోడేస్తుంది. వేళ్ళు దూర్చి చూస్తుంది, గాల్లో ఆడించి చప్పుడు వింటుంది, నచ్చకపోతే మొహమాటం లేకుండా తిరిగి ఇచ్చేస్తుంది. అలాంటి మనిషి, పెళ్ళయిన దగ్గర్నుంచి ఇంట్లో బీరువా నిండా ఉన్న తుపాకుల్లో ఒక్కదాన్నీ ముట్టుకోలేదంటే మా వాళ్ళు నమ్మరు. ముట్టుకోవలసిన అవసరం ఆమెకి రాలేదు. ఇంట్లో హోయ్ట్ ఉన్నాడు.

హోయ్ట్ కౌంటీ రోడ్లు చదునుచేసే బండి నడిపి రిటైరయ్యాడు. కానీ మా అందరికీ ఆయన మాస్టారే. శనివారాలు చర్చి వెనక హాల్లో పిల్లలకి వేట జాగ్రత్తలు నేర్పింది ఆయనే. మా చుట్టుపక్కల జింకను కొట్టిన ప్రతివాడూ ఆయనచేత చీవాట్లు తిన్నవాడే. ఆయన నేర్పేవాటిలో మొదటిది ఇది: తుపాకి చేతికి వచ్చిందంటే తెరిచి, లోపల తూటా ఉందేమో చూడాలి. ఇచ్చినవాడు నీ కళ్ళముందే తెరిచి చూసి ఇచ్చినా సరే, మళ్ళీ నువ్వు చూడాలి. మా దగ్గర దాన్ని ఎవరూ అవమానంగా తీసుకోరు. చూడకపోతేనే ఆ మనిషిని వింతగా చూస్తారు.

ఆ వసంతంలో పై మలుపులో ఉన్న ఇంటి తలుపు పట్టపగలు ఎవరో పగలగొట్టి చొరబడ్డారు. షెరీఫ్ మనుషులు కొండ దిగి కొండ ఎక్కి వచ్చేసరికి దొంగలు దర్జాగా వెళ్ళిపోయారు. హోయ్ట్‌కి చెవుల్లో మిషన్ లేకపోతే తలుపు విరిగినా వినిపించదు. అదొక్కటే అయితే వెర్లీన్ అంత దిగులు పడేది కాదు. ఈ మధ్య ఆయన ఇప్పటి కుక్కని ఎప్పుడో చచ్చిపోయిన కుక్క పేరుతో పిలుస్తున్నాడు. పోస్టాఫీసుకని బయల్దేరి పక్క ఊరు చుట్టి వచ్చాడు. వాటన్నిటినీ ఆమె చెవిటితనం మీదకి తోసేసింది. తోసేసినా భయం పోలేదు. ఇకనుంచి ఇంటికి కాపలా తనే కావాలేమో, ఒంటరిగా తిరిగే దారిలో తనకి తనే దిక్కేమో అనిపించింది.

“నాకో పిస్తోలు కావాలి,” అంది ఒకరోజు పొద్దున గుడ్లు వేయిస్తూ.

హోయ్ట్ తలెత్తాడు. “ఎవర్ని కాలుస్తావే?”

“ముందు నిన్నే. చెప్పిన మాట వినిపించుకోని మొగుణ్ణి కాలిస్తే జడ్జిగారు కూడా ఏమీ అనరు.”

“బయటికా, ఇంట్లోకా?”

“రెంటికీ ఒకటే.”

ఆయన మొహం వెలిగిపోయింది. పెళ్ళాం ఇన్నాళ్ళకి తన క్లాసులో చేరింది. “ఇంట్లోకైతే పెద్దది మేలు, చేతినిండా పట్టు దొరుకుతుంది. నడుముకైతే చిన్నది మేలు. కానీ నువ్వన్నట్టు ఒకటే ఉండాలి. రెండుంటే భయమేసినప్పుడు చెయ్యి తికమకపడుతుంది. పద, టాలీ దగ్గరికి.”

టాలీ దాణా కొట్టు వెనక గదిలో తుపాకులు అమ్ముతాడు. అతనూ మాస్టారి శిష్యుడే. వెర్లీన్‌ని చూడగానే ఊదారంగు పిడి ఉన్న బుల్లి రివాల్వర్ తీసి, తూటాలు పెట్టే గుండ్రటి అర తెరిచి చూపించి అందించాడు. హోయ్ట్ చెప్పకముందే ఆమె మళ్ళీ తెరిచి చూసింది. ఇన్నేళ్ళూ పక్క గదిలోంచి విన్న పాఠాలు ఎక్కడికి పోతాయి?

“ఆడవాళ్ళంతా ఇదే పట్టుకెళ్తారండీ వెర్లీన్ గారూ. పర్సులో ఇట్టే పడుంటుంది.”

“ఈ రంగు మా అత్తగారి బాత్‌రూమ్ తువ్వాళ్ళది. నాకు అప్పుడూ నచ్చలేదు.”

“పట్టుకెళ్ళినవాళ్ళు దాన్ని మళ్ళీ ఎప్పుడైనా కాల్చారేమో అడుగు,” అన్నాడు హోయ్ట్.

టాలీ మెడ గోక్కున్నాడు. “కొంతమంది వెనక్కి తెచ్చేశారు లెండి.”

కొట్టు వెనక గురిచూసి కాల్చుకోవడానికి మట్టికట్ట ఉంది. వెర్లీన్ ఒక్కసారి కాల్చి, జివ్వుమన్న చేతిని విదిలించుకుంది. “ఇంత చిన్నదానికి ఇంత పొగరెందుకు?”

“చిన్నది కాబట్టే,” అన్నాడు హోయ్ట్. “ఆ దెబ్బ ఓర్చుకోవడానికి దానికి ఒళ్ళేది? అంతా నీ అరచేతికే వచ్చి తగుల్తుంది.”

“మరి అందరూ చిన్నదే ఎందుకు కొంటారు?”

“చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కాబట్టి. పైగా పర్సొకటి. నువ్వు వెళ్ళిన చోటల్లా పర్సు సోఫా మీద పడేస్తావు. ఆ ముసలివాళ్ళ మనవలు చూయింగ్ గమ్ ఉందేమోనని వెతుకుతారు. తుపాకి ఒంటిమీదే ఉండాలి వెర్లీ.”

ఆ మాట నిజమే. ఆమె బుల్లి రివాల్వర్‌ని టాలీకి తిరిగి ఇచ్చేసింది.

తర్వాత పిస్తోళ్ళు వచ్చాయి. మొదటి తూటా లోపలికి ఎక్కాలంటే వాటి పైభాగాన్ని వెనక్కి లాగి వదలాలి. ఏళ్ళ తరబడి కత్తెర ఆడించిన బొటనవేళ్ళు కీళ్ళ దగ్గర అరిగిపోయాయి. ఎంత లాగినా అది కదలలేదు. వెర్లీన్‌కి నిజంగా ఏడుపొచ్చింది. తనకి చేతనయ్యేది ఏదీ లేదేమో అనుకుంది.

హోయ్ట్ వెనకనుంచి వచ్చి ఆమె చేతుల మీద చేతులు వేశాడు. “లాగకు. ఎడంచేత్తో పైదాన్ని కదలకుండా బిగించి పట్టుకో. కుడిచేత్తో కిందిదాన్ని ముందుకి తొయ్యి, ఇరుక్కున్న తలుపుని తోసినట్టు.”

తోసింది. ఠక్కుమని వెళ్ళింది. వెర్లీన్ చిన్నపిల్లలా మళ్ళీ మళ్ళీ తోసి చూసుకుంది. ఇక టాలీ పని అయిపోయింది. ఒకదాని పిడి లావు, ఒకదాని స్ప్రింగు మొండిది, ఒకటి నడుముకి పెట్టుకుని జుట్టు కత్తిరించేలా వంగితే పక్కటెముకలో పొడిచింది. చివరికి మధ్యరకం పిస్తోలు ఒకటి చేతిలో ఒదిగింది. ఒరలో పెట్టి పైన వదులు చొక్కా వేసుకుంటే కనిపించడం లేదు. కాలిస్తే చెయ్యి ఓర్చుకుంటోంది. తూటాలు అట్టముక్క మీద ఒక్కచోటే పడ్డాయి.

“ఇదే,” అంది. కాస్త ఊపిరి తీసుకుందామని దాన్ని చెక్కబల్ల మీద, గొట్టం మట్టికట్టవైపు ఉండేలా పెట్టింది. “లోపల ఇంకా తూటాలున్నాయి,” అని పైకి చెప్పింది కూడా.

“బాగానే కొట్టావు గానీ, పట్టు ఇంకా సరిగ్గా లేదు,” అంటూ హోయ్ట్ దాన్ని అందుకున్నాడు. తెరవలేదు. లోపలికి చూడలేదు. మామూలుగా భార్యవైపు తిరిగాడు. “ఇదిగో, బొటనవేలు ఇక్కడ ఆనించి...”

గొట్టం ఆమె చొక్కా గుండీల ముందు ఉంది.

టాలీ ఒక్క అడుగులో వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని, మెల్లగా మట్టికట్టవైపు తిప్పాడు. “మాస్టారూ, ఒక్క నిమిషం ఇలా ఇవ్వండి.” తీసుకుని తూటాల అర ఊడదీసి, పైభాగాన్ని వెనక్కి లాగాడు. లోపలున్న తూటా ఎగిరి కంకరలో పడింది. “నాదే తప్పు. మిమ్మల్ని మాటల్లో పెట్టేశాను,” అన్నాడు. అతను అసలు మాట్లాడనేలేదు. ఆ అబద్ధానికి వెర్లీన్ అతన్ని ఇప్పటికీ మెచ్చుకుంటుంది.

హోయ్ట్ ఆ తూటాకేసి చాలాసేపు చూశాడు.

పిస్తోలు కొనుక్కుని బయల్దేరారు. కారు ఆమే నడిపింది. వంతెన దాటాక ఆయన అడిగాడు, “నేను తెరిచి చూశానా?”

అబద్ధం చెబుదామనుకుంది. “లేదు.”

“నీ మీదకి తిప్పానా?”

“తిప్పావు.” ఆగి, “నేను చెప్పింది నీకు వినపడలేదు, అంతే. ఆ చెవుల మిషన్ మార్పించాలి,” అంది.

“తూటా ఉందో లేదో చెవులతో చూడరు వెర్లీ.”

ఆమె కారు పక్కకి తీసి ఆపింది. ఏడ్చింది. ఆయన ఏడవలేదు. రోడ్డు కంకర ఎక్కడ ఎంత పొయ్యాలో చెప్పినట్టు, తాపీగా చెప్పాడు.

“టాలీని ట్రక్కు తెమ్మను. బీరువాలోవన్నీ తీసుకుపోయి తన దగ్గరే ఉంచుకోమను.”

“మీ నాన్న రైఫిలు?”

“అదీను. ఇంట్లో ఒక్కటే ఉండాలి, నీది. మంచం పక్క సొరుగులో పెట్టకు. ఇంట్లో తిరుగుతున్నా నీ నడుముకే ఉండాలి. పడుకునేటప్పుడు తాళం పెట్టెలో పెట్టుకో. ఆ తాళం సంగతి నాకు చెప్పకు. అడిగినా చెప్పకు. బతిమాలినా చెప్పకు.”

“అప్పుడు నువ్వు నన్ను తిడతావు.”

“తిడితే పడు. ఇన్నాళ్ళూ పడలేదా?”

ఇల్లు, దారి రెంటికీ సరిపోయేది కావాలని కొట్టంతా తిరగేసిన మనిషి, అది రెండు చోట్లా తన ఒంటిమీదే ఉండవలసిందని అప్పుడు తెలుసుకుంది.

టాలీ ట్రక్కు వచ్చి వెళ్ళింది. మర్నాడు పొద్దున వెర్లీన్ పనికి బయల్దేరే ముందు వంటింట్లో నిలబడి, తూటాలు నింపకముందే పిస్తోలు తెరిచి ఆయనకి చూపించింది. హోయ్ట్ చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది. ఆమె ఇవ్వలేదు. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండి, తర్వాత కాఫీ కప్పు మీదకి వెళ్ళింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, వంగి, లోపలికి శ్రద్ధగా చూశాడు.

“ఖాళీగానే ఉంది,” అన్నాడు.

వెర్లీన్ దాన్ని తనవైపు తిప్పుకుని మళ్ళీ చూసింది.

“అలా చూడాలి,” అన్నాడు హోయ్ట్. “నేను చెప్పినా సరే.”