బూడిద నింపిన బండి

పాసయ్యాను. బీఎస్సీ, ఫస్ట్ క్లాసు. మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ పదో తరగతి దాటలేదు. ఈ ఉదయం పదకొండింటికి కాలేజీ స్నేహితురాలు ఫోన్ చేసి నా నంబరు రెండుసార్లు చదివి వినిపించింది. అప్పుడు నేను హైదరాబాదులో, ఒక పాత మోటార్ సైకిల్ పక్కన, చేతికి తాడు చుట్టుకుని నిలబడి ఉన్నాను. ఎగిరి గంతు వేయాలనిపించింది. వేయలేదు. ఎందుకో తెలియాలంటే ఆ బండి సంగతి చెప్పాలి.

కేతేపల్లి దగ్గర మా ఊళ్లో మమ్మల్ని బూడిదోళ్లు అంటారు. అది ఇంటిపేరు కాదు. బడిలో హాజరు పుస్తకంలో ఒక పేరు, ఆటలో మాత్రం బూడిదోళ్ల పిల్లను. ఆ పేరు మా తాత వల్ల వచ్చింది.

తాత దొర గడిలో, ఆ కోటలాంటి ఇంట్లో, జీతగాడు. సంఘం వాళ్లు దొరల భూములు పంచుతున్న రోజుల్లో మా ఊరి దొర పెళ్లాం పిల్లలతో కారెక్కి పట్నం వెళ్లిపోయాడు. ఇంగ్లండ్ నుంచి తెప్పించుకున్న మోటార్ సైకిల్ మిగిలిపోయింది. పోయేముందు, ఎవరూ నడపకుండా దాని ప్లగ్గు విప్పి జేబులో వేసుకున్నాడు. "నేనొచ్చేదాక బండి పైలం. దానికేమన్నయితే నీ తోలు దీస్త," అని తాతతో అన్నాడట.

తాతకు యంత్రాల సంగతి తెలియదు. ఒక వస్తువును నెలల తరబడి చెడిపోకుండా ఉంచడం ఆయనకు ఒక్క తీరుగానే తెలుసు: విత్తనం జొన్నలను దాచినట్టు. జొన్నలు దాచే పాతర గొయ్యిని ఖాళీ చేసి, గడ్డి పరిచి, బండిని దింపాడు. పిడకల బూడిదను జల్లించి, ఒక వరుస బూడిద, ఒక వరుస వేపాకు, పెట్రోలు టాంకీ నిండా పోశాడు. ప్లగ్గు రంధ్రంలోంచి ఇంజన్లోకి, పొగగొట్టంలోకి కూడా పోశాడు. మూతులన్నీ పేడతో మెత్తి, పైన బండ పెట్టి, మట్టి కప్పాడు. పురుగు పట్టకూడదు కదా.

రెండు వానకాలాలు గడిచాయి. పోలీస్ యాక్షన్ అయింది. మిలిటరీ వెనకాలే దొర తిరిగి వచ్చాడు. తాత సంబరంగా పాతర తవ్వి చూపించాడట. ప్లగ్గు బిగించి కిక్ కొడితే కాలు కిందికి దిగలేదు. పొగగొట్టాన్ని వంచితే తడి బూడిద రాలింది.

"సంఘపోళ్లు చెప్తెనే గదరా నా బండ్ల బూడిద పోసినవ్?"

"లేదు దొరా. ఇత్తనం లెక్క దాసిన."

దొర ఆయన్ని మిలిటరీ క్యాంపుకు అప్పగించాడు. పందొమ్మిది రోజుల తర్వాత తాత ఎడమ కాలు ఈడ్చుకుంటూ ఇల్లు చేరాడు. సంఘం వాళ్లు కూడా ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు, దొర బండిని కాపాడినవాడని. ఇటూ కాకుండా అటూ కాకుండా, కుంటికాలుతో, బూడిదోడుగా బతికి, నేను పుట్టకముందే పోయాడు.

అవ్వ ఉంది. "పాడుజెయ్యనీకి పోయలే బిడ్డా," అంటుంది ఇప్పటికీ. "గీ ముచ్చట ఒక్కడన్న నమ్మలే."

మా నాయినకు నకిరేకల్‌లో హైవే పక్కన షెడ్డు ఉంది. పాత బండ్లంటే ఆయన దగ్గరికే తెస్తారు. పోయిన చలికాలం దొర మనుమడు పట్నం నుంచి వచ్చి, గడిలో మూలపడ్డ ఆ బండినే ట్రాలీ మీద తెచ్చి దింపాడు. నాయిన ఎవరి కొడుకో ఆ మనుమడికి తెలియదు. టాంకీ మూత తుప్పుతో బిగుసుకుపోయింది, అన్నేళ్లు దాన్ని ఎవరూ తెరవలేదు. నాయిన కిరోసిన్ పోసి, మూడు రోజులు నానబెట్టి తిప్పాడు. నేను పుస్తకం పట్టుకుని అక్కడే ఉన్నాను. టాంకీని బోర్లిస్తే బూడిద పెళ్లలుగా పడింది. పెళ్లల మధ్య వేపాకు, ఈనెలతో సహా.

నాయిన కింద కూర్చుండిపోయాడు. "పాడుజేసెటోడు యాపాకు ఎందుకు వెడతడు బిడ్డా?"

దొర మనుమడికి అన్నీ చెప్పి, ఆకులు చూపించి, ఒక్కటే అడిగాడు. ఊళ్లో నలుగురి ముందు, అవ్వ వింటుండగా, మా తాత పాడు చేయలేదని చెప్పాలి.

"గంతేనా? బండి నడవనియ్. నేనే వచ్చి చెప్త," అన్నాడాయన.

ఐదు నెలలు పట్టింది. పిస్టన్ పనికిరాలేదు, కొత్తది చేయించాడు. సిలిండర్ బోరు కొట్టించాడు, వాల్వులు చేత్తో నూరాడు. నేను చూసినన్నాళ్లలో ఏ బండికీ నాయిన అంత నెమ్మదిగా పని చేయలేదు. మొదటిసారి ఇంజన్ పలికిన రోజు అన్నం తినడం మరిచిపోయాడు.

ఇవాళ పట్నంలో పాత బండ్ల ప్రదర్శన. తెల్లారగానే బండిని డీసీఎం లారీలోకి ఎక్కించాం. స్టాండు మీద నిలబెడితే కుదుపుకు విరుగుతుంది. అందుకే చక్రాల కింద గడ్డి బస్తాలు వేసి, హ్యాండిల్ నుంచి రెండు పక్కలా కిందికి తాళ్లు లాగి కట్టాం. ముందు ఊరికి వెళ్లి, అక్కడి నుంచి పట్నం పోవాలని అనుకున్నదే. అవ్వ పొద్దున్నుంచే కొత్త చీర కట్టుకుని గడి ముందర కూర్చుంది. డ్రైవర్ డీసీఎంను ఊరివైపు తిప్పబోతే, మాతో వస్తున్న దొర మనుమడు ఆపాడు.

"ఊరు అటు, పట్నం ఇటు. మళ్ల ఎనక్కి ఎందుకు? వాపసు వచ్చేటప్పుడు చూద్దాం."

ప్రదర్శన మైదానంలో తాళ్లు విప్పుతుంటే ఆయన స్నేహితులు చుట్టూ చేరారు. ఆయన చెప్పాడు, మొత్తం కథ, బూడిద, వేపాకు, పేడ, ఏదీ వదలకుండా. "మా జీతగాడు బండిని జొన్నలనుకున్నడు," అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. నాయిన ముడి విప్పుతూనే ఉన్నాడు, తల ఎత్తకుండా.

అప్పుడు నా ఫోన్ మోగింది.

"నాయినా, పాసైన. ఫస్ట్ క్లాసు."

ఆయన చేయి ప్యాంటుకు తుడుచుకుని నా తల మీద పెట్టాడు. గ్రీజు పాపిట్లో అంటుకుంది. ఇంకా కడుక్కోలేదు.

"ఏం జదివినవమ్మా?" అన్నాడు దొర మనుమడు.

"కెమిస్ట్రీ సార్. బూడిద తడిస్తే పిస్టన్ను తింటది. మా తాతకు తెల్వదు. మీ తాతకు గూడ తెల్వదు."

నవ్వు ఆగింది. అంతే. తాత కావాలని పాడు చేయలేదన్న మాట నా నోట కాదు, ఆయన నోట రావాలి. అక్కడ కాదు, ఊళ్లో రావాలి.

"ఊర్లె ఎప్పుడు చెప్తరు సార్?" అని నాయిన అడిగాడు.

"చూద్దాం," అని ఆయన ఫొటోకు నిలబడ్డాడు.

ఖాళీ డీసీఎంలో నకిరేకల్ తిరిగి పోతున్నాం. బండిని పట్నంలోనే ఉంచుకున్నాడు, ఆయన మాతో రాలేదు. నేను ఇంకా ఫోన్ చేయాల్సిన వాళ్లు: సూర్యాపేటలో అక్క. ఫీజు గడువు దాటినా పరీక్షకు కూర్చోబెట్టిన ప్రిన్సిపాల్ మేడం. లెక్కల సారు. హాస్టల్‌లో నా పక్క మంచం పిల్ల. మేనమామ. పక్కింటి వాళ్ల నంబరుకు, అవ్వను పిలవమని. అవ్వ ముందు అదే అడుగుతుంది, "దొర చెప్పిండా?" అని. అందుకే ఆమెకు చివర.