వానకాలపు మిర్చి ఘాటు

ఈ మాఘమాసంలో ఎనుమాముల మార్కెట్ రోడ్డున వెళుతుంటే మిర్చి ఘాటుకు తుమ్ము వచ్చింది. వెంటనే అమ్మ చెప్పిన ఒక కారణం గుర్తొచ్చింది.

నా ఏడో ఏట ములుగు దగ్గరి ఊరు విడిచి, ఈ మార్కెట్ వెనుక వీధిలో అద్దెకు దిగాం. అప్పుడే బళ్ళు తెరిచారు, వానలు మొదలయ్యాయి. నాన్న పనికి వెళ్ళగానే అమ్మ అరుగు మీద కూర్చునేది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతుండేవి.

"ఏమైందమ్మా?"

"మిర్చి ఘాటు బిడ్డా. ఈ పట్నం గాలి గిట్లనే ఉంటదట."

నాకు ఏ ఘాటూ తగల్లేదు. సందేహం తీరక పక్కింటి పెద్దమ్మను అడిగాను. ఆమె అమ్మ వైపు ఒకసారి చూసి, "అవు బిడ్డా, కొత్తోళ్ళకు జర ఎక్కువనే తాకుతది. ఫికర్ చెయ్యకు" అంది. మర్నాటి నుంచి రోజూ రెండు గ్లాసుల చాయ్‌తో మా అరుగు మీదికి వచ్చేది.

ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పారు కనుక, లోపం నా ముక్కుదే అనుకున్నాను.

మాఘం వచ్చేసరికి మార్కెట్ యార్డు నిండా మిర్చి బస్తాలు దిగాయి. వీధంతా దగ్గింది, నేనూ దగ్గాను. పెద్దమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఏందే చెల్లే, నీకు తాకుతలేదా?" అంది.

"నాది వానకాలంలనే అయిపోయిందక్కా."

ఇద్దరూ చాలాసేపు నవ్వారు.

వానకాలంలో ఆ యార్డుకు కొత్త మిర్చి రాదని, ఆ సంగతి పెద్దమ్మకు మొదటి రోజే తెలుసని, నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు.

రోడ్డు పక్కన ఆగి కళ్ళు తుడుచుకున్నాను. మిర్చి ఘాటే అనుకుంటాను. కాలం కూడా సరిపోతోంది.